రన్నరు బూట్లు

పేరుకు నూర్ అహమ్మద్ టపా రన్నరే గానీ, పదకొండేళ్ళ కొలువులో అతను పరుగెత్తింది రెండేసార్లు. ఒకసారి కుక్క తరిమినప్పుడు, ఇంకోసారి కూతురికి కాన్పు కష్టంగా ఉందని కబురు వచ్చినప్పుడు. తక్కిన రోజులన్నీ ముదిగుబ్బ టపా ఆఫీసులో సంచి అందుకుని, పంచె ఎగగట్టి, టైరు చెప్పులు ఈడ్చుకుంటూ గుట్టకిందపల్లె దాకా ఆరు మైళ్ళు నడిచేవాడు. దారిలో ఒక బీడీ, గొర్రెల కాపర్లతో రెండు మాటలు. రెండున్నర గంటలు పట్టేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. జాబు కోసం గడియారం చూసుకునే మనిషి ఆ పల్లెలో ఎవరున్నారు గనక?

అరవై అయిదులో వానలు మొత్తంగా ఎగ్గొట్టాయి. శెనక్కాయ చేలు మొలకలోనే మాడిపోయాయి. ఆ ఏడే గుట్టకిందపల్లెకు అవతలి పక్కనున్న రోడ్డు మీద ధర్మవరం పోయే బస్సు ఒకటి కొత్తగా వేశారు. అది పొద్దున ఎనిమిదికి పల్లె మలుపులో ఆగుతుంది. ఇకమీదట టపా సంచి ఆ బస్సుకు అందాలని ఉత్తర్వు వచ్చింది. ఆ మాట చెప్పడానికి టపా ఓవర్సీరు శ్రీరంగప్ప సైకిలు వేసుకుని ఇంటికే వచ్చాడు. మంచి మనిషే. చెప్పేది మంచిది కానప్పుడు గొంతు తగ్గించి మాట్లాడతాడు.

"ఆరున్నరకు నీ చేతికి సంచి ఇస్తారప్పా. ఎనిమిదికి బస్సు. వచ్చే శుక్రవారం, శనివారం రెండు దినాలు నేను నీ ఎనకాలే వచ్చి చూస్తా. రెండు దినాలూ అందిస్తే ఈ లైను నీదే. ఒక్క దినం తప్పినా ఇంకొకర్ని పెట్టమన్నారు. ఓబన్న కొడుకు అర్జీ పెట్టుకోని కూచోనుండాడు. ఇరవై ఏండ్లోడు."

"నాకు నలభై ఏడు సామీ."

"నీ వయసు ఆ బస్సుకేం తెలుసు నూర్ అహమ్మదూ? ఆ పంచెతో పరిగెత్తితే యాడన్నా బోర్లా పడతావ్. ఒక నిక్కరు కుట్టించుకో. కాళ్ళకు బూట్లు చూసుకో."

తలుపు చాటున నిలబడిన మేరాజ్ బీకి నిక్కరు, బూట్లు అన్న రెండు మాటలు చెవిలో పడి అక్కడే ఉండిపోయాయి. మొగుడి కొలువు పోతే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వీధిలో పని చేయగల మగవాళ్ళంతా బళ్ళారి దిక్కు కాలువ పనులకు పోయారు. ఇతనూ పోతాడు. ఆమె పోవడానికి లేదు. కంటిచూపు మందగించి మంచం దిగలేని అత్త రంజాన్ బీని ఎవరు చూస్తారు? ఆమెకు ఏడేళ్ళప్పుడు నాయన కోలారు గనులకు పోయాడు. రెండు జాబులు వచ్చాయి, మూడోది రాలేదు. పెద్ద యుద్ధంలో అన్న మిలిటరీకి పోయాడు. అతని ఇనప పెట్టె మాత్రం రైలులో తిరిగి వచ్చింది. కూతురు హోస్పేటలో కాపురం పెట్టి మూడేళ్ళయింది. పోయేవాళ్ళ ముఖం చూడలేక మేరాజ్ బీ ఎప్పుడూ వాళ్ళు కట్టుకున్న బట్టల్ని చూస్తూ నిలబడేది. అందుకే వాళ్ళ ముఖాలు చెరిగిపోయినా గోధుమరంగు కోటు, ఖాకీ చొక్కా, ఆకుపచ్చ చీర మాత్రం కళ్ళకు కట్టినట్టు ఉండేవి.

ఇంకొకరి బట్టలు అట్లా గుర్తు పెట్టుకునే ఓపిక ఆమెకు లేదు.

ఓవర్సీరు సైకిలు వీధి మలుపు తిరగకముందే ఆమె పెట్టె తెరిచింది. అన్న మిలిటరీ ప్యాంటు అడుగున ఉంది. ఇరవై ఏళ్ళుగా ఒక్క దారప్పోగు ఊడలేదు. గట్టి బట్ట. దాన్ని కత్తిరిస్తే మంచి నిక్కరవుతుంది. కత్తెర పెట్టేముందు కాసేపు చేయి ఆడలేదు గానీ, పెట్టాక ఆగలేదు.

మొదటి అడ్డం రంజాన్ బీ దగ్గర వచ్చింది. కన్ను సరిగా కనిపించకపోయినా ఆమెకు కత్తెర చప్పుడు వినిపించింది.

"ఎంత పొడుగు పెడతాండావే?"

"మోకాలి పైకి అత్తా. ఓవర్సీరు అట్లే ఏసుకుంటాడు."

"ఆయప్ప నమాజు చేస్తాడా? మోకాళ్ళు బయటపెట్టుకోని ఊరంతా తిరిగినోడు మజీదులో ఏ మొగం పెట్టుకోని నిలబడతాడు? ఇంగ నాలుగు వేళ్ళు కిందికి దించు."

నూర్ అహమ్మద్‌కు కూడా తల్లి మాటే మాట. కాబట్టి నిక్కరు మోకాలు దాటి నాలుగు వేళ్ళు దిగింది. అంచులో నాడా దూర్చి పిక్క దగ్గర ముడి వేసేట్టు కుట్టింది. మరునాడు తెల్లవారుతూనే ఇద్దరూ నీళ్ళు ఎండిపోయిన వంకలోకి పోయారు. అతను ఇసుకలో అటూ ఇటూ పరుగెత్తాడు, ఆమె గట్టు మీద కూర్చుని చూసింది.

"ఇంగొకసారి ఉరుకు."

"నేనేమన్నా పందెం ఎద్దునా మే?"

"ఎద్దయితే ఇంత గొణగదు. ఉరుకు."

నాలుగోసారికి అతను కాళ్ళు ఎడంగా పెట్టి నడవడం మొదలుపెట్టాడు. గట్టి బట్ట చెమటకు తడిసి తొడలను రంపంలా కోసింది. ఇంటికి వచ్చి కొబ్బరినూనె రాసుకుంటూ, "మీ అన్న ఈ ప్యాంటు ఏసుకోని యుద్ధం చేసినాడంటే నిజంగా వీరుడే" అన్నాడు. ఆమె నవ్వలేదు. కత్తిరించేసిన ప్యాంటు ఇక ఎందుకూ పనికిరాదు. దాన్ని మడిచి మళ్ళీ పెట్టెలోనే పెట్టింది.

అప్పుడు తట్టింది ఆమెకు. ఒంటికి అంటుకుని తిరిగే బట్ట గట్టిగా కాదు, అణిగి ఉండాలి. మొగుడి పాత లుంగీల్లో నూరు ఉతుకులు పడి దూదిలా మెత్తబడినవి రెండు తీసింది. ఒకటి చాలకపోతే రెంటినీ కలిపి కుట్టింది. తొడల లోపలి వైపు కుట్టు రాకుండా బట్టను తిప్పి కత్తిరించింది. అది వేసుకుని అతను వంకలో పదిసార్లు తిరిగినా ఒరుపు లేదు. గొర్రెలు తోలుకుపోయే పిల్లలు చూసి, "తాతా, బుడబుక్కలోళ్ళలో కలిసినావా?" అని అరిచారు. అతను రాయి తీసుకున్నట్టు నటించాడు, వాళ్ళు పరుగు అందుకున్నారు. ఆ పొద్దు కాస్త తేలికగా గడిచింది.

ఇక కాళ్ళు. ఊళ్ళో చెప్పులు కుట్టే ఎర్రప్ప పాతికేళ్ళుగా ఆ ఇంటికి చెప్పులు కుడుతున్నాడు. మేరాజ్ బీ అతని ముందు కూర్చుని సంగతంతా చెప్పింది.

"పరుగుకైతే టైరు చెప్పు పనికి రాదక్కా" అన్నాడు ఎర్రప్ప. "బరువు. పట్టీ తెగుతాది. పరుగుకు మడమకాడ పట్టుకోవల్ల, కాలివేళ్ళకాడ వదలల్ల. ముందర బొటనేలు దూరేంత సందుండల్ల. ఇంగోటి, కాలు పొద్దున కొలవొద్దు. సాయంత్రం కొలువు. నడిచొచ్చిన కాలు ఉబ్బుంటాది."

"అట్లాంటివి నువ్వే కుట్టియ్యి."

"కుట్టిద్దును. తోలుకేం తక్కువ? ఊరినిండా సచ్చిన ఎద్దులేనాయ. దాన్ని నానబెట్టి పదును చేసేదానికి నీళ్ళు యాడివి చెప్పు? నీళ్ళున్నా పదైదు దినాలు పడతాది."

"శుక్రవారానికి కావల్ల ఎర్రప్పా."

"అయితే పో, అనంతపురం పోయి అంగడి బూట్లు తెచ్చుకో. నన్ను మాత్రం మరిచిపో" అని నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం నిజం ఉందని ఆమెకు అనిపించింది.

ఆ సాయంత్రం మొగుడు పల్లె నుంచి రాగానే, కాళ్ళు కడుక్కోనివ్వకుండా చీపురుపుల్లతో రెండు పాదాలూ కొలిచింది. ఎడమది గోరంత పొడుగు. పొడుగుదానికి తగ్గట్టు పుల్ల విరిచింది. బొటనవేలంత సందు కలుపుకుని ఇంకో పుల్ల. రెంటినీ కొంగున ముడి వేసుకుని మరునాడు బస్సెక్కింది. అనంతపురంలో మూడు అంగళ్ళు తిరిగింది. నాలుగో అంగడిలో పుల్ల లోపల పెట్టి చూసి, మడమ నొక్కి చూసి, అడుగు వంచి చూసి, గోధుమరంగు క్యాన్వాసు బూట్లు ఒక జత తీసుకుంది. అడుగున నల్ల రబ్బరు. "డ్రిల్లుకు ఇస్కూలు పిల్లోళ్ళు ఇవే ఏసుకుంటారమ్మా" అన్నాడు అంగడాయన. తూకానికి పిచ్చుకంత ఉన్నాయి. ఇంత చిన్నవాటిలో ఆరు మైళ్ళు ఎట్లా ఇముడుతాయా అని దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ వచ్చింది.

మడమ దగ్గర పట్టీ మాత్రం బిరుసుగా ఉంది. కరుస్తుందేమో. నూర్ అహమ్మద్ వేసుకుని చూస్తానన్నాడు గానీ ఆమె వేసుకోనివ్వలేదు. కొత్తది ఏదైనా శుక్రవారం నాడు బిస్మిల్లా చెప్పుకుని ఒంటి మీద వేసుకోవాలి. నిక్కరంటే పాతబట్టలది, దానికి ఈ పట్టింపు లేదు. ఆమె పుట్టింట్లో, అత్తింట్లో కూడా పసిబిడ్డకు తొడిగే తొలి చొక్కాతో సహా అట్లాగే జరిగింది. పరీక్ష శుక్రవారమే పడటం ఆమెకు మంచి శకునంలా తోచింది కూడా. అందాకా బూట్లను మెత్తబరచాలి. కొత్త చెప్పు కరవకుండా ఏం చేయాలో ఆ సీమలో ఏ ఆడపిల్లకైనా తెలుసు. ఆముదం పట్టించాలి. ఎర్రప్ప కుట్టిన చెప్పులన్నిటికీ ఆమె అట్లాగే పట్టించింది. ఎర్రప్పను ఒక మాట అడిగితే బాగుండేదే. కానీ అంగడి బూట్లు చేత పట్టుకుని అతని ముందుకు పోవడానికి ముఖం చెల్లలేదు. అతని గుడిసె ముందు నుంచి పోకుండా నీళ్ళకు కూడా చుట్టుదారిన పోయింది.

మంగళ, బుధ, గురు మూడు రోజులు పొద్దున్నే బూట్లకు లోపలా బయటా, అడుగునా అంచునా ఆముదం దట్టించి ఎండలో పెట్టింది. సాయంత్రానికి అవి నూనె తాగి నిగనిగలాడేవి. వంచితే చేతిలో వెన్నలా వంగేవి.

"ఏందే ఆముదం వాసన? ఎవురికి తలంటు?" అంది రంజాన్ బీ.

"బూట్లకు అత్తా."

"అదృష్టముండే బూట్లు. నా తలకు ఎన్నాళ్ళాయెనో."

శుక్రవారం చీకటి విచ్చకముందే మేరాజ్ బీ అత్తకు గంజి తాపించి, మూడో మైలు దగ్గర వంక దాటే చోటికి నీళ్ళ చెంబుతో పోయి కూర్చుంది. రమ్మని ఎవరూ అనలేదు. ఇంట్లో కూర్చోలేకపోయింది. రెండు పక్కలా గులకరాళ్ళ బీడు. కంటికి ఆనినంత దూరం పచ్చనిది ఏదీ లేదు. ఎండ ఎక్కకముందే నేల వేడెక్కుతోంది.

మనిషి కంటే ముందు చప్పుడు వచ్చింది. టప్ప, టప్ప అని, తడిబట్టను బండ మీద కొట్టినట్టు. తర్వాత మలుపులో నూర్ అహమ్మద్ కనిపించాడు. భుజాన సంచి, మోకాళ్ళు దాటిన నిక్కరు. కుడికాలు ఎత్తినప్పుడల్లా బూటు అడుగు మొత్తం ఊడి, కుక్క నాలుకలా వేలాడుతోంది. వెనకాల శ్రీరంగప్ప సైకిలు మీద నెమ్మదిగా వస్తున్నాడు. ఆమె ముందుకు వచ్చేసరికి ఎడమ బూటు కూడా నోరు తెరిచింది. అతను రాయి మీద కూలబడ్డాడు.

"ఏమైందయ్యా?"

"నన్నడిగితే? రెండో మైలుకే విడిపోయింది."

శ్రీరంగప్ప సైకిలు దిగి బూటు తీసుకుని వాసన చూశాడు. "ఏందిది? ఆముదమా?"

"నేనే పట్టించినా సామీ. మూడు దినాలు. కరుస్తాదని."

"రబ్బరుకు ఆముదమా తల్లీ! ఇది తోలు కాదు కదా, జిగురుతో అంటించింది. నూనెకు నిలబడతాదా?"

మేరాజ్ బీ చెంబు నూర్ అహమ్మద్ ముందు పెట్టింది. మొగుడు తిడతాడని చూసింది. తిట్టినా బాగుండేది. అతను బూట్లు రెండూ విప్పి పక్కన పెట్టి, ఒక గుక్క నీళ్ళు తాగి, "నిక్కరు మాత్రం బాగుండాదిలే" అన్నాడు.

"ఏడూ ఇరవై అయిదాయె" అన్నాడు ఓవర్సీరు, గడియారం వైపు చూడనట్టు చూస్తూ.

నూర్ అహమ్మద్ లేచి ఉత్త కాళ్ళతో ఆ గులకరాళ్ళ మీద పరుగు అందుకున్నాడు. పదకొండేళ్ళు టైరు చెప్పుల్లో ఉన్న పాదాలవి. రాయి గుచ్చుకున్నప్పుడల్లా అతని వీపు ఒక్క క్షణం వంగడం, మళ్ళీ నిలబడడం ఆమెకు చాలా దూరం దాకా కనిపించింది.

సంచి బస్సుకు అందింది. డ్రైవరు టీ తాగుతూ ఉండబట్టి అందింది. మధ్యాహ్నం నూర్ అహమ్మద్ ఎవరిదో కట్టెల బండి మీద ఇల్లు చేరాడు. ఎడమ పాదం అడుగున వేలు పట్టేంత చీలిక, అందులో ఇసుక. ఆమె ఉప్పునీళ్ళతో కడిగి, పసుపు పెట్టి కట్టు కట్టింది. శనివారం తెల్లవారేసరికి పాదం ఉబ్బి చీలమండ కనిపించలేదు. అతను గోడ పట్టుకుని లేచి ఒక అడుగు వేసి, అక్కడే కూర్చుండిపోయాడు.

"పోయింది మే" అన్నాడు. "ఎల్లుండి కాలువ బండి వస్తాదంట. కాలు కుదిరినాక నేనూ..."

"బదులు మనిషిని పంపొచ్చు కదా? నీకు జొరమొచ్చినప్పుడు పంపినావు."

"యాడుండారు మనుషులు? అప్పుడు పోయినోడు ఇప్పుడు కాలువలో మన్ను మోస్తాండాడు."

"నేను పోతా."

అతను ఆమె వైపు చూశాడు. నవ్వాలా వద్దా అని తేల్చుకోలేనట్టు చూశాడు. "ఆరు మైళ్ళు మేరాజూ. ఉరకల్ల."

"కట్టెలకు గుట్టెక్కి దిగేది ఎవురు? నువ్వా? నెత్తిన మోపుతో?"

"పోనీరా దాన్ని" అంది మంచం మీంచి రంజాన్ బీ. "ఇంట్లో కూచోని నా ప్రాణం తీసేకంటే అదే మేలు. ఏమ్మే, ఏం కట్టుకోని పోతావు?"

అదే ఆమె కూడా ఆలోచిస్తోంది. చీర మామూలుగా కట్టుకుంటే అడుగులో అడుగు పడుతుంది. కలుపు తీసేటప్పుడు కట్టినట్టు కచ్చ పోస్తే కాళ్ళు ఆడతాయి గానీ పిక్కలు కనిపిస్తాయి. మొగుడి మెత్తని నిక్కరు ఉతికి ఆరేసి ఉంది. అది తొడుక్కుని నాడా బిగించి, పైన పాత నేత చీరను పొట్టిగా చుట్టి కొంగు నడుముకు దోపింది. తన అరిగిన తోలు చెప్పులనే వేసుకుని, జారకుండా మడమ మీదుగా గుడ్డపేలికతో కట్టింది. కాళ్ళకు ఉన్న వెండి మెట్టెలు తీసి అత్త చేతిలో పెట్టింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో అవి తీయడం అదే మొదలు. రంజాన్ బీ వాటిని తడిమి పిడికిట్లో మూసుకుంది.

టపా ఆఫీసు అరుగు మీద శ్రీరంగప్ప ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు.

"నూర్ అహమ్మద్ యాడ?"

"పాదం లేవలేదు సామీ. ఆయన పూచీ మీద బదులు మనిషిని నేను."

"ఆడమనిషివి కదా తల్లీ!"

"బదులు మనిషి అని రాసినారా, బదులు మగోడు అని రాసినారా?"

ఓవర్సీరు సంచి ముద్ర సరిచూసి ఆమె భుజానికి ఎత్తాడు. "ఆరున్నర" అన్నాడు.

మొదటి మైలు సులువుగానే పోయింది. భయం ఆమెను తోసింది. రెండో మైలులో డొక్కలో నొప్పి పట్టింది. పరుగు మాని వడిగా నడిచింది, మళ్ళీ పరుగెత్తింది. సంచి వీపు మీద కొట్టుకుంటూ ఉంటే, కాగితాలకు ఇంత బరువుంటుందా అనుకుంది. బతుకంతా జాబు కోసం వాకిలి వైపు చూసిన మనిషి. దాన్ని ఎవరో ఇట్లా ఆయాసపడుతూ మోసుకువస్తారని ఒక్కనాడూ తలచింది కాదు. వంక దగ్గరికి వచ్చేసరికి నోరు పిడచగట్టింది. ఆగి నీళ్ళు తాగితే లేవలేనని ఆగలేదు. వెనకాల సైకిలు గొలుసు చప్పుడు. నాలుగో మైలులో కుడి చెప్పు పేలిక ఊడింది. కూర్చుని కట్టుకుంది. ముడి పడటానికి చాలాసేపు పట్టింది. లేచినప్పుడు కళ్ళ ముందు బీడంతా గిర్రున తిరిగింది.

అయిదో మైలు ఎట్లా గడిచిందో ఆమెకు తెలియదు. పల్లె చివర గుట్ట నీడలోకి వచ్చాక రోడ్డు మీద దుమ్ము లేస్తూ కనిపించింది. బస్సు. హారను మోగింది. అప్పుడు ఆమె నిజంగా పరుగెత్తింది. కొంగు ఊడి వెనకాల ఎగురుతున్నా పట్టించుకోలేదు. మలుపులో నిలబడ్డ నలుగురు మగవాళ్ళు, "ఎవురప్పా ఈమె? ఏమైంది? ఎవురన్నా పోయినారా?" అని గాభరాపడ్డారు. ఆమె సంచి చూపించింది. కండక్టరు వంగి సంచి లాక్కుని, పైన పడేసి, ఇంకో సంచి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి రైటు చెప్పాడు.

బస్సు పోయాక దుమ్ము అణిగేదాకా ఆమె రోడ్డు పక్కన కూర్చుంది. శ్రీరంగప్ప సైకిలు స్టాండు వేసి, పుస్తకంలో ఏదో రాసి, జేబులో పెట్టుకున్నాడు.

"రెండు దినాలూ అందింది. ఈ లైను మీదే అని రాసినా. నీ మొగుడు యాడికీ పోనక్కర్లేదు."

ఆమె తలూపింది. సంతోషం వస్తుందని కాసేపు చూసింది. వచ్చింది ఆయాసమే.

"సోమవారం నుంచి నేను రానమ్మా" అన్నాడు ఓవర్సీరు, గొంతు తగ్గించి. "బస్సు మాత్రం దినామూ వస్తాది."

దినామూ. ఆరు మైళ్ళు రావడం, ఆరు మైళ్ళు పోవడం. పాదం కుదిరేదాకా ఆమె. కుదిరాక నలభై ఏడేళ్ళ ఆయన. కళ్ళెదురుగానే ఉంటాడు. రోజూ మధ్యాహ్నానికి ఇట్లా కూలబడి ఉంటాడు.

కాళ్ళ దగ్గర కొత్త సంచి ఉంది. ముదిగుబ్బకు పోవాల్సినది.

"దీనికి టైముండాదా సామీ?"

"లేదు తల్లీ. తిరుగు టపాకు టైము లేదు. నిదానంగా రా."

ఆమె నేలకు చెయ్యి ఆనించి లేచింది. సంచి భుజానికి ఎత్తుకుని, కొంగు తల మీదికి లాక్కుని, ఎండలోకి నడిచింది.